దక్షిణం మరిచిన పక్షులు

ఊ కొట్టేవాళ్ళంతా ముందుకి రండి. నిద్రొచ్చేవాళ్ళు గోడకి ఆనుకోండి. చెబుతున్నాను.

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో సారసపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని సారసకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, రెండోవాడు వీరకేతుడు. మూడోవాడు పుట్టిన పదో రోజునే తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలో వాడికి పేరు పెట్టాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. పాలిచ్చిన దాది తనకి నచ్చిన పేరుతో కుముదుడు అని పిలిచింది. అదే నిలిచిపోయింది.

పెద్దవాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కత్తిసాముకి కలిసి వెళ్ళేవాళ్ళు, భోజనానికి కలిసి కూర్చునేవాళ్ళు. మూడోవాడు తిన్నాడో లేదో అడిగేవాళ్ళు ఆ కోటలో లేరు. అందుకని కుముదుడు పొద్దున్నే లేచి సరస్సు గట్టుకి పోయేవాడు.

ఆ సరస్సు ఎంత పెద్దదంటే ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనబడదు. దాని నీళ్ళు ఉత్తరాన సముద్రంలో కలిసేవి. ఏటా కార్తీకమాసం వచ్చేసరికి ఉత్తరం నుంచి పక్షులు దిగేవి. ఒకటా రెండా, లక్షలు! పరజలు, బాతులు, సన్నకాళ్ళ ఉల్లంకి పిట్టలు, పేరు తెలియనివి ఇంకెన్నో. ఆకాశంలో చాప పరిచినట్టు వచ్చి నీళ్ళ మీద వాలేవి. పొలాల్లో పురుగుల్ని ఏరుకు తినేవి. వాటి రెట్ట పడ్డ మడిలో గింజ గట్టిగా పండేది. ఎండలు ముదరగానే మళ్ళీ ఉత్తరానికి వెళ్ళిపోయేవి. ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు.

ఒక ఏడు పక్షులు రాలేదు. ఆలస్యమైందేమో అనుకున్నారు. రెండో ఏడూ రాలేదు. పంటని పురుగు పట్టింది. మూడో ఏడూ రాలేదు. పురుగు తినగా మిగిలిన గింజలు విత్తనానికి కూడా చాలలేదు. పిల్లలు గంజి తాగి పడుకున్నారు. కొందరికి ఆ గంజీ లేదు.

రాజు కొలువు తీర్చి, "ఆ పక్షులు ఎక్కడ ఆగిపోయాయో కనుక్కుని, వాటిని తీసుకొచ్చేదెవరు?" అని అడిగాడు.

జయకేతుడు లేచాడు. వెయ్యిమంది సైనికులతో ఓడెక్కి ఉత్తరానికి వెళ్ళాడు. మూడో సముద్రంలో అలలు కోటగోడలంత లేచాయి. సైనికులు భయపడి ఓడ వెనక్కి తిప్పారు.

వీరకేతుడు లేచాడు. వందమందితో వెళ్ళాడు. అయిదో సముద్రంలో చలికి తాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. తెడ్డు పట్టినవాళ్ళ వేళ్ళు నల్లబడ్డాయి. అతనూ తిరిగొచ్చాడు.

అప్పుడు కుముదుడు లేచాడు. "నాన్నగారూ, నేను వెళతాను. నాకు సైన్యం వద్దు. ఒక చిన్న పడవ చాలు."

రాజు కొడుకు వంక చూశాడు. వాడిని అంత తేరిపార చూడటం ఆయనకి అదే మొదటిసారి. "నాయనా, తోడెవరూ లేకుండా ఎలా వెళతావు?" అన్నాడు.

"తోడు లేకుండా ఉండటం నాకు అలవాటే నాన్నగారూ," అన్నాడు కుముదుడు. ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఉన్నదున్నట్టే చెప్పాడు. రాజు తల దించుకున్నాడు.

అయితే కుముదుడికి తోడు బొత్తిగా లేకపోలేదు. పక్షులు చివరిసారి వెళ్ళిపోయిన వేసవిలో ఒక ముసలి ఉల్లంకి పిట్ట రెక్క విరిగి గట్టు మీద ఉండిపోయింది. గుప్పెడంత పిట్ట. కుముదుడు దానికి పురుగులు తెచ్చి పెట్టేవాడు, దాని పక్కన కూర్చుని, అవ్వా అని పిలుస్తూ తన కబుర్లన్నీ చెప్పేవాడు. ఇప్పుడు దాన్ని ఒక బుట్టలో గడ్డి పరిచి కూర్చోబెట్టుకుని పడవెక్కాడు.

పడవ ఒడ్డు దాటగానే బుట్టలోంచి మాట వినబడింది. "కాస్త ఎడమకి తిప్పు బాబూ."

కుముదుడు ఉలిక్కిపడ్డాడు. "అవ్వా! నీకు మాటలొచ్చా?"

"మూడేళ్ళ నుంచి నువ్వు నాతో మాట్లాడుతూనే ఉన్నావుగా. నేర్చుకున్నాను. గట్టు మీద చెప్పడానికి నా దగ్గరేముంది? ఇప్పుడు దారి చెప్పాలి కాబట్టి నోరు విప్పాను."

దారి అవ్వ చెప్పింది, పడవ కుముదుడు నడిపాడు. దారి పొడవునా అవ్వ దగ్గర పక్షుల భాష కూడా నేర్చుకున్నాడు. ఒక సముద్రం దాటారు, నీళ్ళు పచ్చగా ఉన్నాయి. రెండో సముద్రం దాటారు, నీలంగా ఉన్నాయి. మూడో సముద్రంలో కోటగోడలంత అలలు లేచాయి. పడవ చిన్నది కాబట్టి అల మీదకెక్కి అల మీంచి దిగింది. నాలుగోది దాటారు. అయిదో సముద్రంలో చలి పట్టుకుంది. కుముదుడు అవ్వని చొక్కాలో దాచుకున్నాడు. ఆరో సముద్రంలో నీటి మీద మంచుగడ్డలు తెల్లటి గేదెల మందలా తేలుతున్నాయి. ఏడో సముద్రమంతా పొగమంచే. ఆ పొగమంచులోనే, ఇల్లు వదిలిన నాలుగు నెలలకి, జ్యేష్ఠమాసంలో ఒకనాడు, అవ్వ తల బయటపెట్టి వాసన చూసి, "వచ్చేశాం," అంది.

పొగమంచు విడగానే దీవి కనబడింది. పిల్లలూ, ఆ దీవిలో చెట్టన్నది లేదు. పేరుకైనా ఒక్కటీ లేదు. రాయి, నాచు, పొట్టి గడ్డి, ఆకాశం. ఎటు చూసినా గాలి. అలాంటి చోట ఎవరుంటారు అనుకుంటారు కదూ? సముద్రంలోంచి నిలువునా లేచిన కొండచరియ మీద ఒక నగరమే ఉంది! అంతస్తులు అంతస్తులుగా రాతి అంచులు. ప్రతి అంచు మీదా నల్లటి వీపు, తెల్లటి పొట్ట ఉన్న పక్షులు మనుషుల్లా నిటారుగా, భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉన్నాయి. కొండ వెనక చిత్తడి నేల. చిన్న చిన్న నీటి మడుగులు, నాచు దిబ్బలు, వాటి నడుమ బాతులు, పరజలు, ఉల్లంకులు. మూడో వైపు గడ్డివాలు. ఆ వాలంతా జల్లెడలా బొరియలు. ప్రతి బొరియలోనూ ఎర్రా పసుపూ చారల ముక్కుతో పొట్టి పక్షి ఒకటి తొంగిచూస్తోంది.

"అవి సముద్రపు చిలకలు," అంది అవ్వ. "అవి నేలలో బొరియ తవ్వుకుని ఉంటాయి. చలికాలమంతా నడిసముద్రంలో గడుపుతాయి. మీ సరస్సుకి రావు."

పడవ ఒడ్డుకి చేరేసరికి అక్కడొక ముసలివాడు నిలబడి ఉన్నాడు. గడ్డం మోకాళ్ళ దాకా ఉంది. చేతిలో తిమింగలం ఎముకతో చేసిన కర్ర. ఆయన వెనక ఒక అమ్మాయి, పక్షి ఈకలు కుట్టిన అంగీ వేసుకుని ఉంది.

"మనిషి!" అన్నాడు ముసలివాడు. ఆ కళ్ళలో సంతోషం చూసి కుముదుడికి భయమేసింది. "ఎన్నాళ్ళకి ఇంకో మనిషి వచ్చాడు! రా నాయనా, రా. నా పేరు తుహినుడు. ఈ దీవి నాది. ఇక నుంచి నీది కూడా."

"అయ్యా, నేను ఉండటానికి రాలేదు," అన్నాడు కుముదుడు. "మా రాజ్యానికి వచ్చే పక్షులు ఇక్కడ ఆగిపోయాయి. వాటిని పంపించండి. మా పిల్లలు ఆకలితో చచ్చిపోతున్నారు."

తుహినుడి ముఖం మాడిపోయింది. "అందరూ తీసుకుపోవడానికే వస్తారు," అన్నాడు. "సరే. మూడు పనులు చెబుతాను. మూడూ చేస్తే పక్షుల్ని వదిలేస్తాను. ఒక్కటి తప్పినా నువ్వు బతికున్నంతకాలం ఇక్కడే ఉండి నాతో కబుర్లు చెప్పాలి." అలా అని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి మాత్రం ఆగింది. ఆమె పేరు తరళ. ఓడ నడిపే సరంగు కూతురు. ఆరేళ్ళ కిందట ఓడ ఈ రాళ్ళకి కొట్టుకుని బద్దలైతే ఆమె ఒక్కతే ఒడ్డుకి చేరింది.

"ఆయన మాంత్రికుడు," అంది తరళ. చాలాకాలం తర్వాత మాట్లాడేవాళ్ళలా ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "పక్షుల గుండెల్లోంచి దక్షిణ దిక్కుని దొంగిలించాడు. చలి మొదలవగానే అవి లేస్తాయి. దీవి చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. ఎటు పోవాలో తెలియక మళ్ళీ వాలిపోతాయి. మంచు పడ్డాక సగం చచ్చిపోతాయి. చచ్చినవాటిని ఒళ్ళో పెట్టుకుని ఈయన ఏడుస్తాడు."

"ఏడుస్తాడా? అయితే ఎందుకు పట్టి ఉంచాడు?"

"ఏమో. నన్నూ పోనివ్వడు. నాకూ మూడు పనులు పెట్టాడు. రెండు చేశాను. మూడోది చేయలేకపోయాను."

మర్నాడు తుహినుడు కుముదుణ్ణి కొండచరియ అంచుకి తీసుకెళ్ళాడు. అక్కడొక పెద్ద గంపలో నూటొక్క గుడ్లు ఉన్నాయి. ఆ కొండపక్షులు గూడు కట్టవు. వట్టి రాతి మీదే గుడ్డు పెడతాయి. గుడ్డు ఒక కొస లావు, ఒక కొస సన్నం. కదిలితే బొంగరంలా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది తప్ప దొర్లి కింద పడదు.

"వీటిని వాటి వాటి తల్లుల దగ్గర పెట్టాలి. పొద్దుగుంకేలోపు," అన్నాడు తుహినుడు.

చరియ మీద లక్ష పక్షులు. అన్నీ ఒకేలా ఉన్నాయి. కుముదుడు గంప దగ్గరే ఆగిపోయాడు. అవ్వ అతని భుజం మీద కూర్చుని, "గుడ్లని చూడు బాబూ," అంది.

చూశాడు. ఒకటి నీలం, ఒకటి లేత ఆకుపచ్చ, ఒకటి తెలుపు. వాటి మీద నల్లటి గీతలు, చుక్కలు, ఎవరో తొందరలో రాసిన ఉత్తరంలా. ఏ రెండు గుడ్ల రాతా ఒకటి కాదు.

"నువ్వు తల్లిని వెతకకు. తల్లినే నిన్ను వెతకనీ," అంది అవ్వ.

తరళ అతని నడుముకి తాడు బిగించి పై నుంచి పట్టుకుంది. కుముదుడు చరియ మీదకి దిగి మొదటి గుడ్డుని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. లక్ష పక్షుల్లో ఒక్కటి, ఎక్కడో కింద మూడో అంచు మీద నుంచి, "అర్ర్ర్! అది నాది! ఆ కొక్కెం గీత నాది!" అని అరిచింది. వెళ్ళి పెట్టాడు. రెండోది ఎత్తాడు. "నాది! ఇటు తే, చల్లారిపోతోంది!" అని మరొకటి. కొన్ని కృతజ్ఞతగా చూశాయి, కొన్ని ఇంతసేపు చేసినందుకు చేతిని పొడిచాయి. ఆ దేశంలో వేసవి పగలు పెద్దది కాబట్టి సరిపోయింది. సూర్యుడు నీళ్ళని తాకే వేళకి గంప ఖాళీ అయింది. కుముదుడి అరచేతులు తాడు ఒరుసుకుని రక్తం కారుతున్నాయి.

రెండో పని చిత్తడి నేలలో. "ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్ళు. ఒక్క గుడ్డు కూడా నీ కాలి కింద పగలకూడదు," అన్నాడు తుహినుడు. ఆ నేల మీద నాచు ఏదో గుడ్డు ఏదో కనిపెట్టలేం. పైగా పొగమంచు కమ్ముకుంది.

అవ్వ బుట్టలోంచి కిందకి దూకింది. "నా వెనకే రా. నేను అడుగు వేసిన చోటే నీ బొటనవేలు పెట్టు."

గుప్పెడంత పిట్ట ముందు, రాకుమారుడు వెనక. ఇలా తిరిగారు, అలా తిరిగారు. సగం దారిలో అవ్వ ఒక నాచుదిబ్బ దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు.

"ఏమైంది అవ్వా?"

"ఏమీ లేదు. నేను పుట్టింది ఇక్కడ." కాసేపు ఆ నాచుని ముక్కుతో సర్దింది. "మా అమ్మ రెక్క విరిగినట్టు నటించి నక్కల్ని దూరంగా తీసుకుపోయేది. నాకు నిజంగానే విరిగింది. పద, పొద్దుపోతోంది."

ఒక్క గుడ్డూ పగలకుండా అవతలి చివరకి చేరారు.

తుహినుడు మూడో పని చెప్పేముందు సముద్రం వైపు చూశాడు. "గడ్డివాలు మధ్యలో ఒక రాతి గుడిసె ఉంది. అందులో నలభై రోజులు ఒంటరిగా ఉండు. ఎవరితోనూ మాట్లాడకూడదు. పిట్టతో కూడా. నోట్లోంచి ఒక్క మాట వచ్చినా నువ్వు ఓడిపోయినట్టే. ఆ పిట్టని నా దగ్గర వదిలిపెట్టు."

తరళ ఓడిపోయింది ఇక్కడే. "తొమ్మిదో రోజు 'నాన్నా' అన్నాను," అని మెల్లిగా చెప్పింది. "అంతే. నోరు జారి అన్నాను."

కుముదుడు గుడిసెలోకి వెళ్ళాడు. అదే రోజు పొగమంచు దిగింది. మామూలు మంచు కాదు. చెయ్యి చాపితే ఆ చెయ్యే కనబడదు. పగలూ రాత్రీ ఒకే తెలుపు. తుహినుడి ధీమా అదే. కళ్ళకి ఏమీ ఆనకపోతే మనిషి గొంతు దానంతటదే లేస్తుందని ఆయనకి తెలుసు.

మొదటి పదిరోజులు కుముదుడికి పెద్దగా తేడా తెలియలేదు. కోటలో నూరుమంది మధ్య ఉన్నప్పుడు కూడా అతను ఇలాగే ఉండేవాడు. ఇక్కడ నయం, ఎవరో పలకరిస్తారని ఎదురుచూడక్కర్లేదు అనుకున్నాడు. పదిహేనో రోజు అవ్వ గుర్తొచ్చింది. ఇరవయ్యో రోజు, ఇంకో నలభై ఏళ్ళయినా తను లేని లోటు సారసపురంలో ఎవరికీ తెలియదేమో అనిపించింది. ఆ రోజు మోకాళ్ళలో తల పెట్టుకుని, చప్పుడు రాకుండా నోట్లో అంగీ కుక్కుకుని ఏడ్చాడు.

ఏడుస్తుంటే గోడ అవతల నుంచి టక్, టక్, టక్ అని మూడుసార్లు చప్పుడైంది.

అది తరళ. రోజూ గుమ్మం దగ్గర ఎండుచేపలు పెట్టి వెళ్ళేది ఆమే. ఆ రోజు వెళ్ళలేదు. గోడకి వీపు ఆనించి కూర్చుని గులకరాయితో కొట్టింది. మాట్లాడకూడదన్నాడు గానీ రాయితో కొట్టకూడదనలేదుగా! కుముదుడు రాయి వెతికి తనూ మూడుసార్లు కొట్టాడు. ఆ తర్వాత రోజూ అంతే. ఆమె మూడు, అతను మూడు. అందులో అర్థమేమీ లేదు. ఉన్నాను అని ఒకరు, నేనూ ఉన్నాను అని ఇంకొకరు. అంతే.

కళ్ళు పనిచేయకపోయేసరికి కుముదుడి చెవులు పదునెక్కాయి. సముద్రపు చిలకలు ముక్కు నిండా చిన్నచేపలు కరుచుకుని బుర్రుమంటూ వచ్చి బొరియల్లోకి దూరడం, లోపల పిల్లలు కిచకిచలాడటం వినేవాడు. ఏ బొరియ ఎక్కడుందో, దేనికి తల్లి ఎన్నిసార్లు వస్తుందో అన్నీ తెలిసిపోయాయి. ఒక్క బొరియ దగ్గర మాత్రం వింతగా ఉండేది. గుడిసెకి ఏడడుగుల దూరంలో ఉంది. దానికి తల్లీ రాదు, తండ్రీ రాడు. రోజూ పొద్దున్నే మనిషి అడుగులు వచ్చేవి. రాయి పక్కకి జరిపిన చప్పుడు. తర్వాత తుహినుడి గొంతు, పసిపిల్లాడితో మాట్లాడినట్టు.

"తిన్నావా తండ్రీ? ఇంకొకటి తిను. ఈరోజు కూడా అందరూ ఉన్నారు. ఒక్కరూ వెళ్ళలేదు. నా ప్రాణం నీలో ఉంది. నువ్వు ఈ దీవి దాటేవరకు ఏ ప్రాణీ ఈ దీవి దాటదు. నిన్ను నేను పోనిస్తానా ఏం? ముసలాణ్ణి వదిలి నువ్వెక్కడికి పోతావులే."

మళ్ళీ రాయి జరిపిన చప్పుడు. మెల్లగా వెనక్కి వెళ్ళే అడుగులు.

కుముదుడు ఆ మాటలు పదకొండు పొద్దులు విన్నాడు. ఒక్కో మాటా గుర్తుపెట్టుకున్నాడు.

నలభై రోజులూ నిండిన మర్నాడు పొగమంచు విడిపోయింది. కుముదుడు బయటికొచ్చి గట్టిగా ఊపిరి తీసుకుని, "తరళా!" అన్నాడు. నలభై రోజుల తర్వాత అతని మొదటి మాట అది. ఆమె గోడ పక్క నుంచి లేచి నిలబడింది.

తుహినుడు కర్ర ఊతంతో వాలు ఎక్కి వచ్చాడు. ఆయన భుజం మీద అవ్వ కూర్చుని ఉంది.

"మూడు పనులూ చేశాను అయ్యా. పక్షుల్ని వదిలిపెట్టండి."

"గెలిచావు, కాదనను," అన్నాడు తుహినుడు. "కానీ నాకు ధైర్యం చాలడం లేదు నాయనా. వదల్లేను. కావాలంటే నన్ను చంపు. నా ప్రాణం నాలో లేదు కాబట్టి నేను చావను."

కుముదుడు ఏడడుగులు నడిచాడు. వంగి రాయి పక్కకి తోశాడు. బొరియలోకి చెయ్యి పెట్టి పిల్ల సముద్రపు చిలకని బయటకి తీశాడు. వయసు మూడేళ్ళు, అయినా ఒంటి మీది నూగు రాలలేదు. ముక్కుకి ఇంకా రంగు రాలేదు.

తుహినుడు కర్ర జారవిడిచి మోకాళ్ళ మీద పడ్డాడు.

కుముదుడి గుప్పిట్లో ఆ పిల్ల గుండె టకటక కొట్టుకుంటోంది. ఒక్క పిసుకు పిసికితే ముసలివాడు పోతాడు, మంత్రం పోతుంది, సారసపురం పిల్లలు బతుకుతారు. కుముదుడి వేళ్ళు బిగుసుకున్నాయి. ఎందరో పిల్లలు, ఇది ఒక్క పిట్ట. కానీ గుప్పెడంత పిట్ట బరువు ఎంతో అతనికి తెలుసు. వేళ్ళు సడలించాడు.

"నీకేం కావాలి?" అని దాన్నే అడిగాడు.

పిల్ల కళ్ళు చికిలించి వెలుగు వైపు చూసింది. "ఆ చప్పుడు," అంది. "పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. అదేంటి?"

"సముద్రం."

"అది కావాలి."

కుముదుడు కొండ అంచు వైపు నడిచాడు. తుహినుడు పాకుతూ వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. "వద్దు నాయనా! అది పోతే నాకెవరున్నారు? విద్య నేర్పమని నూరుమంది శిష్యులొచ్చారు, విద్య రాగానే వెళ్ళిపోయారు. నా భార్య పోయింది. ఈ దీవికొస్తే ఇన్ని లక్షల ప్రాణాలు. చలి రాగానే ఇవీ వెళ్ళిపోయాయి. ఆ మొదటి చలికాలం ఎలా గడిపానో నీకు తెలియదు!"

"నలభై రోజుల్లో కొంచెం తెలిసింది అయ్యా," అన్నాడు కుముదుడు. "కానీ ఆ తర్వాత వేసవిలో పక్షులు తిరిగొచ్చాయా లేదా?"

తుహినుడు తల దించుకున్నాడు. "వచ్చాయి."

"ఎవరైనా రమ్మన్నారా?"

ముసలివాడి చేతులు కుముదుడి కాళ్ళ మీంచి జారాయి.

"దీన్ని నేను చంపను. ఇది బతికినంతకాలం మీరూ బతుకుతారు. ఇది దీవి దాటేవరకే అని కదా మీ మంత్రం? దాటనివ్వండి." కుముదుడు ఆ పిల్లని అంచు మీద దించి, వంగి అడిగాడు. "ఎగరగలవా?"

"తెలీదు. ఎప్పుడూ ఎగరలేదు," అంది పిల్ల. అలా అంటూనే అంచు మీంచి దూకేసింది.

పడింది. రాయిలా పడింది. తుహినుడు గుండె పట్టుకుని నేల మీద ఒరిగిపోయాడు. తరళ కళ్ళు మూసుకుంది. నూగు గాలికి ఊడి తెల్లటి దూదిలా పైకి లేచింది. ఆ నూగు కింద ఎప్పుడో మొలిచి దాగి ఉన్న నల్లటి ఈకలు విచ్చుకున్నాయి. నీళ్ళకి మూరెడు ఎత్తులో రెక్కలు ఆడాయి. తుళ్ళింది, తూలింది, నీటిని కొట్టుకుంది, మళ్ళీ లేచింది. నేరుగా పోయి, అలలు విరిగే రాళ్ళ వరస దాటి, అవతలి లోతు నీళ్ళలో వాలింది. ఒక్కసారి మునిగి ఒక్కసారి తేలింది.

అంతే. దీవి మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. లక్షల తలలు ఒకేసారి దక్షిణానికి తిరిగాయి.

ముందు ఉల్లంకులు లేచాయి. తర్వాత పరజలు, బాతులు. అవి దీవి చుట్టూ తిరగలేదు. కొండచరియ మీద తండ్రులు కింద నీళ్ళలోంచి పిలుస్తుంటే, ఇంకా ఎగరడం రాని పిల్లలు అంచుల మీంచి దూకాయి. ఒక్కొక్క అంతస్తూ ఖాళీ అయింది. మూడు రోజులు ఆకాశం కనబడలేదు. నాలుగో రోజు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు.

తుహినుడు ఆ నాలుగు రోజులూ కొండ అంచునే కూర్చున్నాడు. చావలేదు. కళ్ళు మూసుకుని, "చల్లగా ఉంది," అనేవాడు ఒకసారి. "ఎంత పెద్దగా ఉంది!" అనేవాడు మరోసారి. ఆయన ప్రాణం ఎక్కడో నడిసముద్రంలో తేలుతూ తిరుగుతోంది మరి.

"మాతో రండి," అన్నాడు కుముదుడు. తరళ కూడా, "రండి బాబాయ్," అంది. ఆరేళ్ళలో ఆమె ఆయన్ని అలా పిలవడం అదే మొదలు.

తుహినుడు తల అడ్డంగా ఊపాడు. "వేసవిలో అవి వచ్చేసరికి ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నాడు.

అప్పుడు అవ్వ కుముదుడి చేతి మీదకి ఎక్కింది. "బాబూ, నేనూ ఉండిపోతాను. ఎగరలేనిదాన్ని, ఎటూ పోలేను. పుట్టినచోటు ఇదే. ఈ ముసలాయనకి కబుర్లు చెప్పేవాళ్ళు కావాలి. నీ దగ్గర నేర్చిన మాటలు బోలెడున్నాయి."

కుముదుడు దాన్ని చెంపకి ఆనించుకున్నాడు. ఖాళీ బుట్టతో పడవెక్కాడు. తరళ తెడ్డు అందుకుంది. సరంగు కూతురు కదా, అతని కన్నా బాగా నడిపింది. దారి చెప్పడానికి, సముద్రం సముద్రానికీ ఆగి ఆగి సాగే పక్షుల బారులున్నాయి.

వాళ్ళు సారసపురం చేరేసరికి కార్తీకం దాటింది. సరస్సు మీద నీళ్ళు కనబడనన్ని పక్షులు. పొలాల్లో పిల్లలు వాటి వెనక పరుగులు తీస్తున్నారు. రాజు గట్టు మీదే గుడారం వేయించుకుని కూర్చున్నాడు. పక్షులొచ్చినా కొడుకు రాలేదని, తిండి కూడా సరిగా తినడం లేదట. పడవ కనబడగానే ఆ ముసలిరాజు మొలలోతు నీళ్ళలోకి దిగి నడిచాడు. "కుముదా, తిన్నావా నాయనా?" అని అడిగాడు. కుముదుడికి అప్పుడు ఏడుపాగలేదు. అన్నలిద్దరూ వచ్చి అతన్ని చెరోపక్కా పట్టుకుని ఒడ్డుకి నడిపించారు.

మాఘమాసంలో మంచి ముహూర్తాన కుముదుడికీ తరళకీ పెళ్ళి జరిగింది. వచ్చినవాళ్ళందరికీ కొత్తబియ్యం అన్నం వడ్డించారు. సారసకేతుడి తర్వాత, అన్నలు తామే ముందుకొచ్చి తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. కుముదుడు, తరళ యాభై ఏళ్ళు రాజ్యమేలారు. తోడులేనివాళ్ళెవరైనా కోటకొస్తే తమ పంక్తిలోనే కూర్చోబెట్టుకునేవాళ్ళు.

ఏటా కార్తీకంలో మొదటి బారు దిగిన రోజున రాజూ రాణీ గట్టుకెళ్ళి, "అక్కడ ఎలా ఉన్నారు?" అని అడిగేవాళ్ళు. మొదటి ఏడు, "ముసలాయన, అవ్వ ఒకే గుడిసెలో ఉంటున్నారు. ఆమె మాట్లాడుతుంది, ఆయన వింటాడు," అని చెప్పాయి. రెండో ఏడు, "మేం వెళ్ళేసరికి ఒడ్డున నిలబడి ఉన్నాడు," అన్నాయి. మూడో ఏడు, "ఆయన ఒంటరిగా ఉన్నాడు. అవ్వని ఆ నాచుదిబ్బ కిందే పడుకోబెట్టాడు," అని చెప్పాయి. ఆ సాయంత్రం కుముదుడు గట్టు మీంచి లేవలేదు. తరళ పక్కన కూర్చుంది.

నాలుగో ఏడు ఒక పరజ ముందుగా వచ్చి వాలింది. రొప్పుతూనే చెప్పింది.

"ఈ వేసవిలో నడిసముద్రం నుంచి ఒక సముద్రపు చిలక వచ్చింది మహారాజా. ముక్కు నిండా ఎర్రరంగు, పసుపురంగు. వాలంతా వెతుక్కుని గుడిసె దగ్గర ఒక పాత బొరియలో దూరింది. వెంట జోడు కూడా ఉంది. ముసలాయన దాని దగ్గరకి వెళ్ళలేదు, పట్టుకోలేదు. దూరంగా కూర్చుని రోజంతా చూశాడు. చలి మొదలై అది మళ్ళీ సముద్రం మీదకి పోతుంటే, లేచి నిలబడి చెయ్యి ఊపాడు."